చుట్టూ కట్ట ఉన్న చెరువు

“ఏమ్మా, ఇదేంటి?”

మా సార్ పెన్సిల్ మొన ఆనించిన చోట బొట్టుబిళ్లంత గుండ్రటి మచ్చ ఉంది. 1989 వేసవి. హైదరాబాద్ బాలానగర్‌లోని రిమోట్ సెన్సింగ్ ఆఫీసులో చేరి నాకు ఏడాది కూడా నిండలేదు. అంతకుముందు ఏడాది మార్చిలోనే మన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహం బైకనూరు నుంచి పైకి వెళ్లింది. అది తీసి పంపిన బొమ్మలను బల్ల మీద పరిచి, టేబుల్ లైటు వెలుగులో భూతద్దం పట్టుకుని చదవడమే మా పని. అడవి ఎక్కడుంది, పంట ఎక్కడుంది, బీడు ఎక్కడుంది, నీళ్లు ఎక్కడున్నాయి అని గీతలు గీసుకుంటూ పోవాలి.

ఆ బొమ్మల్లో రంగులు మన కంటికి అలవాటైనవి కావు. చెట్ల ఆకులు మనకు కనబడని పరారుణ కాంతిని బాగా తిప్పికొడతాయి. ఆ కాంతికి ఎరుపు రంగు ఇచ్చి అచ్చువేస్తారు. అందుకని అడవి ఎర్రగానూ, నీళ్లు నల్లగానూ, ఖాళీ పొలాలు నీలం కలిసిన బూడిదరంగులోనూ కనిపిస్తాయి. సార్ చూపించిన మచ్చలో నడుమ నలుపు, దాని చుట్టూ సన్నటి ఎర్ర అంచు. ఆ అంచు పైకి ఉబ్బినట్టుగా ఉంది.

“గుట్ట మీద చెరువు సార్” అన్నాను.

“గుట్ట మీద చెరువుకు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయమ్మా? సరే, చెరువే అనుకుందాం. కట్ట ఏ పక్కనుంది?”

నాకు నోట మాట రాలేదు. తెలంగాణలో పుట్టినదాన్ని, చెరువులు నాకు తెలియనివా! పైనుంచి చూసినా చెరువును ఇట్టే గుర్తుపట్టొచ్చు. పల్లం వైపు కట్ట బద్దపెట్టి గీసినట్టు ఉంటుంది. ఎగువ వైపు నీళ్లు వాగుల్లోకి చొచ్చుకుపోయి, వేళ్లు చాచిన అరచెయ్యిలా కనిపిస్తాయి. కట్ట అన్నది ఒక పక్కనే ఉంటుంది. ఈ చెరువుకేమో నాలుగు దిక్కులా కట్టే ఉంది. ఇక నీళ్లు వచ్చే దారేది?

సార్ ఇంకేమీ అనకుండా కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని తలకిందులుగా తిప్పారు. నా కళ్లముందే గుట్ట కుంగిపోయింది. గుట్ట ఉన్నచోట గిన్నెలాంటి గుంట.

ఇందులో కనికట్టేమీ లేదు. వెలుతురు పైనుంచి పడుతుందని మన కన్ను పుట్టినప్పటి నుంచి నమ్ముతుంది. ఉపగ్రహమేమో పొద్దున పది గంటల వేళ మన మీదుగా పోతుంది. అప్పుడు సూర్యుడు ఆగ్నేయంలో, అంటే బొమ్మలో కింది వైపు ఉంటాడు. వెలుగు కిందినుంచి రావడంతో గుంట గుట్టలా, గుట్ట గుంటలా కనబడి కన్ను మోసపోతుంది. కాగితం తిప్పితే వెలుగు పైనుంచి వస్తుంది, లెక్క సరిపోతుంది.

“లోనార్. మహారాష్ట్ర, బుల్ఢాణా జిల్లా. ఆకాశం నుంచి పడ్డ రాయి చేసిన గుంట” అన్నారు సార్. “పైనుంచి చూసి నువ్వు అనుమానం మాత్రమే పడగలవు. అదేమిటో తేల్చుకోవాలంటే కిందికి దిగాల్సిందే.”

ఈ మాట నాకు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పనికొచ్చింది. రిటైరయ్యాక కూడా ఈ గుంటల పిచ్చి నన్ను వదల్లేదు.

తూటా లెక్క

మా నాయిన బావులు తవ్వేవాడు. జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో వ్యవసాయ బావులన్నీ ఆయన ముఠావే అనేవాళ్లు. పైన రేగడి, దాని కింద మొరం, ఆ కింద నల్లబండ. గడ్డపార దిగనిచోట బండకు రంధ్రం వేసి, తూటా దించి, మట్టితో కూరి, వత్తి అంటించి పైకి పరుగెత్తేవాళ్లు. చిన్నప్పుడు దూరంగా వేపచెట్టు చాటున నిలబడి ఆ పేలుళ్లు చూసేదాన్ని. లోనార్ బొమ్మ చూసిన వారం సెలవులో ఊరికి వెళ్లి నాయినకు చెప్పాను.

“రాయి పడితె అంత గుంతైతదా? రాయి పడ్డకాడ రాయంత సొట్ట పడాలె గని!”

ఈ సందేహం మా నాయిన ఒక్కడిదే కాదు, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలను కూడా నిలేసింది. అమెరికాలోని అరిజోనా ఎడారిలో 1.2 కిలోమీటర్ల వెడల్పు, 170 మీటర్ల లోతు ఉన్న గుంట ఒకటుంది. దాని చుట్టూ ఇనుప ఉల్కల ముక్కలు దొరికేవి. 1891లో అక్కడికి వెళ్లిన గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త బావులు తవ్వేవాళ్లు వేసే లెక్కే వేశాడు. గుంటలోంచి పోయిన రాయెంత? గట్టు మీద పడ్డ రాయెంత? రెండూ ఇంచుమించు సరిపోయాయి. మరి పైనుంచి పడ్డ ఇనుప ముద్ద లోపలే ఉంటే గుంట కొంత పూడి ఉండాలి కదా! అయస్కాంత పరికరాలతో వెతికినా లోపల ఇనుము జాడ తెలియలేదు. దాంతో ఇది భూమిలోని ఆవిరి పేలి పడిన గుంట అని తేల్చేశాడు.

1903లో డేనియల్ బారింజర్ అనే గనుల ఇంజినీరు ఆ గుంటను సొంతం చేసుకున్నాడు. ఇది ఉల్క చేసిన గుంటే, కోట్ల టన్నుల ఇనుము అడుగున ఉండే ఉంటుంది అని ఆయన నమ్మకం. 1929లో చనిపోయేదాకా తవ్వించాడు, బోర్లు వేయించాడు, ఆస్తి కరిగించాడు. ఉల్క విషయంలో ఆయన మాటే నిజమైంది, ఇనుము విషయంలో మాత్రం కాలేదు.

ఇద్దరూ లెక్కలోకి సరిగ్గా తీసుకోనిది వేగం. గ్రహశకలాలు సగటున సెకనుకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి భూమిని గుద్దుతాయి. ఆ వేగంతో పోతే హైదరాబాద్ నుంచి విజయవాడకు 12, 13 సెకన్లు చాలు. అంత వేగంలో ఉన్న కిలో రాయిలో దాదాపు 50 కిలోల టీఎన్‌టీకి సమానమైన శక్తి ఉంటుంది. కాబట్టి అది రాయి పడటం కాదు, తూటా పేలడం. గుద్దిన క్షణంలో ఆఘాతపు తరంగం నేలలోకీ, వెనక్కి ఆ రాయిలోకీ దూసుకుపోతుంది. రాయిలో చాలా భాగం కరిగి, ఆవిరై చెదిరిపోతుంది. అరిజోనా గుంట చేసిన ఇనుప ముద్ద వెడల్పు 50 మీటర్ల దాకా ఉంటుందని అంచనా. అలాంటిది 1.2 కిలోమీటర్ల గుంట చేసింది. బారింజర్ వెతికిన ఇనుము ఆనాడే తుంపర్లై ఎడారంతా చల్లుకుపోయింది.

గుంట గుండ్రంగా ఎందుకుంటుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. రాయి ఏటవాలుగా వచ్చినా పేలుడు మాత్రం అన్ని వైపులా సమంగా తోస్తుంది. నేలను దాదాపు రాసుకుంటూ వస్తే తప్ప గుంట కోలగా సాగదు.

ఇదంతా నాయినకు చెబితే కాసేపు బీడీ తాగుతూ ఆలోచించాడు. “అట్లైతే అది తవ్విన గుంత గాదు. పేలిన గుంత. పేలిన గుంతయితే గట్టు చూస్తె ఎర్కైతది. తీసుకపో బిడ్డా, చూపియ్యి” అన్నాడు.

గట్టు మీద

ఆ సంక్రాంతి పోయాక ఇద్దరం బయల్దేరాం. అప్పట్లో మన్మాడ్ దాకా మీటర్ గేజ్ రైలు. నిజామాబాద్, బాసర, నాందేడ్, పర్భణీ దాటి జాల్నాలో దిగి, మహారాష్ట్ర వాళ్ల ఎర్రటి ఎస్టీ బస్సెక్కాం. దారి పొడుగునా నల్లరేగడిలో జొన్న, శెనగ. నాయిన కిటికీలోంచి చూస్తూ “మన నేలే” అన్నాడు. నిజమే. జహీరాబాద్ బండ, లోనార్ బండ ఒకే కుటుంబం. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన దక్కన్ లావా అది. మన ఆదిలాబాద్, వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాలు దానికి తూర్పు అంచులు.

ఊరు దాటి నడిస్తే గుంట ముందుగా కనిపించదు. ముందు నేల మెల్లగా ఎత్తు పెరుగుతుంది. చుట్టుపక్కల పొలాల కన్నా ఇరవై, ముప్పై మీటర్లు ఎక్కుతాం. ఎక్కడం అయిపోయేసరికి కాళ్ల ముందు నేల ఉండదు. 1.8 కిలోమీటర్ల వెడల్పున, అంచు నుంచి దాదాపు 150 మీటర్ల లోతున గిన్నె. గోడల నిండా అడవి. అట్టడుగున ఆకుపచ్చ నీళ్లు. మా ఆఫీసు బొమ్మలో నడిమి నలుపు ఆ నీళ్లదే, ఎర్ర అంచు ఈ అడవిది.

నాయిన నీళ్ల వైపు చూడనైనా లేదు. గట్టు పక్కనే బండ బయటపడ్డ చోట గొంతుక్కూచుని చేత్తో తడిమాడు. లోపలి గోడకేసి వేలు చూపించి, “అగో, అండ్ల బండలు చాపలోలె ఒకదాని మీదొకటి సక్కగ పరుచుకున్నయి. నడుమనడుమ ఎర్రపొర ఉన్నది. మన బాయిల ఉన్నట్టే” అన్నాడు. రెండు లావా పొరల మధ్య కాలం గడిచి మట్టిగా మారిన పొర అది. బావి తవ్వేటప్పుడు ఎర్రపొర తగిలితే నీళ్లు దగ్గరపడ్డట్టే అనేవాడు. “ఈడ గట్టుకాడికి వచ్చేసరికి బండ పైకి లేసింది. బయటికి వాలింది. ఇగో, ఈడ సూడు, ఇంకింత వాలి మలిగింది.”

తర్వాత ఆయన చెప్పినది ఏ పుస్తకంలోనూ నేను అంత తేలిగ్గా చదవలేదు. బావి తవ్వినప్పుడు మొదట తీసిన రేగడిని గట్టున పోస్తారు. దాని మీద మొరం, దాని మీద బండముక్కలు పడతాయి. అంటే గట్టు మీద నేల తలకిందులై ఉంటుంది. అడుగుది పైకీ, పైది అడుక్కీ పోతుంది. అయితే బావి గట్టున అది కుప్పగా ఉంటుంది, పొర అనేది మిగలదు. ఇక్కడ పొర పొరగానే ఉండి, పుస్తకంలో పేజీ తిప్పినట్టు బయటికి మడత పడింది. “తట్టలతోని మోసి పోసింది గాదు. ఒక్కపాలి లేసి మలిగింది” అన్నాడు.

భూగర్భ శాస్త్రంలో ఉల్కా బిలాల గట్టుకు ఇదే ముఖ్యమైన గుర్తు. పేలుడు బయటికి తోసినప్పుడు అంచులోని పొరలు పైకి లేచి, వెనక్కి మడిచి పడతాయి. అగ్నిపర్వతం నోరు అయితే లోపలి లావా, బూడిద బయటికొచ్చి గట్టుగా పేరుకుంటాయి. పొరల వరుస ఇలా తలకిందులు కాదు.

దిగువకు నడిచి నీళ్ల దగ్గరికి చేరేసరికి కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. ఒడ్డున తెల్లటి పెచ్చు కట్టి ఉంది. నాయిన నీళ్లలో చెయ్యి ముంచి వేళ్లు రుద్దుకున్నాడు. జారుడు తగిలింది. “చౌడు. చాకలోల్లు బట్టలకు ఏసేదే” అన్నాడు. సోడాక్షారం ఎక్కువున్న నీళ్లవి, పీహెచ్ 10 దాకా ఉంటుంది. వానా, ఊటలూ తెచ్చే నీళ్లకు బయటికి పోయే తూము లేదు. ఎండకు నీరు ఆవిరై పోతుంది, లవణం మిగిలిపోతుంది. లక్షల ఏళ్ల ఈ లెక్కే చెరువును ఇలా చేసింది. ఒకప్పుడు ఇక్కడి సోడాను సబ్బులకూ, గాజుకూ తీసుకుపోయేవారు. చిత్రమేమిటంటే గిన్నె గోడలోనే ఒకచోట మంచినీటి ఊట ఉంది. జనం దానికింద స్నానం చేస్తారు.

ఊళ్లో దైత్యసూదన ఆలయం ఉంది. లవణాసురుడనే రాక్షసుడు భూమిలో గుహ చేసుకుని, దానికి మూత పెట్టుకుని దాక్కుంటే, విష్ణుమూర్తి ఆ మూతను కాలి బొటనవేలితో ఎగరగొట్టి వాణ్ని చంపాడని స్థలపురాణం. అక్కడి పెద్దాయన ఒకరు వచ్చీరాని హిందీలో ఈ కథ చెప్పాడు. మూత ఎగిరి దూరంగా పడి గుట్ట అయిందట. నాయిన గట్టు వైపు చూసి నవ్వాడు. “మూత ఎగిరిందనుడు మాత్రం అబద్ధం గాదు.”

రుజువు ఎక్కడ దొరికింది

లోనార్‌ను 1823లో బ్రిటిష్ అధికారి అలెగ్జాండర్ లోకం దృష్టికి తెచ్చాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఇది అగ్నిపర్వతపు గుంటే అన్నారు. చుట్టూ ఉన్నదంతా లావాయే అయినప్పుడు అలా అనుకోవడం తప్పు కాదు. ఆకాశం నుంచి చూసిన గుండ్రతనం ఈ వాదనను తేల్చలేదు, తేల్చజాలదు కూడా.

అరిజోనాలో తేల్చింది ఇసుకరాయి. యూజీన్ షూమేకర్ నెవాడాలో అణుపరీక్షల గుంటలను చూసి, అరిజోనా గట్టులోనూ పొరలు అలాగే మడత పడ్డాయని గమనించాడు. 1960లో ఆయనా, ఎడ్వర్డ్ చావో బృందమూ అక్కడి రాతిలో కోయెసైట్ దొరికిందని ప్రకటించారు. మామూలు క్వార్ట్జ్‌ను విపరీతమైన ఒత్తిడిలో నొక్కితే తయారయ్యే రూపం అది. అగ్నిపర్వతాలకు నేల పైన అంత ఒత్తిడి చేతకాదు. తర్వాత షూమేకర్ జర్మనీలోని నార్డ్‌లింగెన్ వెళ్లాడు. 24 కిలోమీటర్ల వెడల్పున్న రీస్ పల్లంలో ఉన్న ఊరది. ఊరి చర్చి కట్టిన రాయిలోనే ఉల్క దెబ్బ తాలూకు ఆనవాళ్లు ఉన్నాయి. వందల ఏళ్లుగా జనం రుజువు లోపల కూర్చుని ప్రార్థన చేస్తున్నారన్నమాట.

లోనార్‌లో చిక్కేమిటంటే నల్లబండలో క్వార్ట్జ్ దొరకడం అరుదు. కాబట్టి ఇంకో ఖనిజాన్ని అడగాలి. 1970లలో భారత, అమెరికా శాస్త్రవేత్తలు చెరువు అడుగున బోర్లు వేశారు. దాదాపు వంద మీటర్ల బురద కింద నుజ్జయిన రాయి తగిలింది. అందులోని ఫెల్డ్‌స్పార్ కరగకుండానే, ఒక్క దెబ్బ ఒత్తిడికి లోపలి అమరిక చెదిరి గాజులా మారిపోయింది. దాని పేరు మాస్కెలినైట్. అంతకుముందు ఉల్కల్లోనూ, చంద్రుడి రాళ్లలోనూ చూసినదే. 1973లో ఆ ఫలితాలు ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. లోనార్ కథ తేలింది.

చంద్రుడి మీది నల్లటి మైదానాలూ, అంగారకుడి నేలలో చాలా భాగమూ ఇలాంటి లావా రాయే. ఈ లావా రాయి (బసాల్ట్) మీద ఇంత చక్కగా నిలిచిన గుంట భూమి మీద అరుదు కాబట్టి, ఆ రెండిటి మీదికీ పోలేని శాస్త్రవేత్తలు లోనార్‌కు వస్తారు. వయసు విషయంలో మాత్రం మాట మారింది. 50 వేల ఏళ్లు అని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. కరిగిన రాయిలోని ఆర్గాన్ లెక్కించి 2011లో 5.7 లక్షల ఏళ్లన్నారు.

పైనుంచి మోసం చేసేవి

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు నా కళ్లు గుండ్రటిదేది కనబడినా అక్కడే ఆగిపోయేవి. అలా పోగుచేసుకున్నవాటిలో ఎప్పుడూ మొదట చెప్పేది రిషాట్. ఆఫ్రికాలో మారిటేనియా ఎడారిలో 40 కిలోమీటర్ల వెడల్పున ఉంగరాల్లో ఉంగరాలు. 1965లో జెమిని-4 వ్యోమగాములు దాన్ని ఫొటో తీసినప్పటి నుంచీ అంతరిక్షంలోకి వెళ్లినవాళ్లంతా చూసేదే. మొదట్లో ఉల్కా బిలమే అనుకున్నారు. కింద వెతికితే ఒక్క దెబ్బతిన్న ఖనిజమూ దొరకలేదు. అది కిందినుంచి ఉబ్బిన రాతి గుమ్మటం. గాలి, నీరు దాని నెత్తిని కోసేస్తే, కోసిన ఉల్లిగడ్డలో పొరల్లా ఉంగరాలు బయటపడ్డాయి.

దీనికి సరిగ్గా ఎదురు మధ్యప్రదేశ్, శివ్‌పురి జిల్లాలోని ఢాలా. బొమ్మలో చూస్తే మైదానంలో ఒక చిన్న బల్లపరుపు గుట్ట, అంతకు మించి ఏమీ లేదు. జయంత కుమార్ పతి అనే శాస్త్రవేత్త అక్కడి రాళ్లను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే క్వార్ట్జ్ రేణువుల్లో దువ్వెనతో గీసినట్టు సమాంతరపు గీతలు కనిపించాయి. 11 కిలోమీటర్ల ఉల్కా బిలమని 2008లో తేలింది. దాని వయసు 170 కోట్ల నుంచి 250 కోట్ల ఏళ్ల మధ్య. గట్టు ఎప్పుడో అరిగిపోయింది, రాతి లోపలి గీతలు మాత్రం మిగిలాయి. రాజస్థాన్‌లోని రామ్‌గఢ్ సంగతి ఇంకా చిత్రం. ఆ గుండ్రటి కొండల వరుసను 1869లోనే గుర్తించారు. నడుమ పదో శతాబ్దపు శివాలయం ఉంది. ఉల్కా బిలమని రుజువు రావడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది.

నాయినకు బాగా నచ్చింది కెనడాలోని మానికువాగన్. సుమారు 21 కోట్ల ఏళ్ల కిందట 100 కిలోమీటర్ల దాకా వెడల్పున పడిన గుంట. మంచు పలకలు వచ్చి దాన్ని గీకిగీకి చదును చేశాయి. 1960లలో దిగువన నది మీద పెద్ద ఆనకట్ట కట్టారు. నీళ్లు నిండుతూ నిండుతూ పాత గుంట అంచు వెంట పారాయి. నడుమ దీవి, చుట్టూ 70 కిలోమీటర్ల నీటి ఉంగరం తయారైంది. అంతరిక్షం నుంచి కన్ను తెరిచి చూస్తున్నట్టు ఉంటుంది. “కట్ట కట్టినంకనే చెరువు అయింది. కనీ గుంత ఎప్పటిదో” అనేవాడు నాయిన ఆ బొమ్మ చూసినప్పుడల్లా.

ఇంత పెద్ద గుంటలో నడుమ దీవి ఎందుకుందో కూడా బొమ్మే చెబుతుంది. నీటి గుంతలో రాయి వేస్తే మధ్యలో నీరు ఒక బొడిపెలా లేచి పడుతుంది. మూడు నాలుగు కిలోమీటర్లు దాటిన గుంటల్లో బండ కూడా అలాగే లేస్తుంది, లేచి నిలిచిపోతుంది. లోనార్ చిన్నది కాబట్టి గిన్నెలాగే ఉండిపోయింది.

బావుల వరుస

ఇక అన్నిటికన్నా ప్రసిద్ధమైనది పైనుంచి చూస్తే అసలు కనబడదు. మెక్సికోలో యుకటాన్ ద్వీపకల్పం అంచున, కిలోమీటరు మందం సున్నపురాతి కింద చిక్సులూబ్ అనే 180 కిలోమీటర్ల గుంట పూడిపోయి ఉంది. 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్ల కథ ముగిసినప్పటిది. 1980లో లూయిస్ అల్వరెజ్, ఆయన కొడుకు వాల్టర్, వారి సహచరులు ఆ కాలపు మట్టి పొరలో అరుదైన ఇరీడియం లోహం దండిగా ఉందని చూపి, ఆకాశం నుంచి ఏదో పడిందన్నారు. గుంట మాత్రం దొరకలేదు. చమురు కోసం తీసిన గురుత్వాకర్షణ, అయస్కాంత పటాల్లో దాని ఉంగరం అప్పటికే నమోదై ఉంది. రెండింటికీ ముడి పడటానికి మరో పదేళ్లు పట్టింది.

అక్కడ నేల మీద కనిపించే ఆనవాలు ఒకటుంది. సెనోటేలని పిలిచే సహజ బావులు. ఉపగ్రహ చిత్రాల మీద వాటిని చుక్కలుగా పెట్టుకుంటూ పోతే అర్ధచంద్రాకారంలో ఒక వరుస వచ్చింది. పూడిన గుంట అంచు పైన సున్నపురాయి పగిలి, నీళ్లు ఆ పగుళ్లను తిని ఈ బావులను చేశాయి. 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచినప్పుడు కూడా ఆ అంచున సన్నటి పల్లం ఒకటి కనిపించింది. బావులు తవ్వే మనిషి కూతురిని కదా, ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

దీంట్లో మన వాటా కూడా ఉంది. అదే కాలంలో దక్కన్ లావా పారుతోంది. ఆ ప్రవాహం రాజమండ్రి దగ్గరి కాటేరు దాకా వచ్చింది. అక్కడి క్వారీల్లో రెండు లావా పొరల నడుమ సముద్రపు మట్టి, సున్నపురాయి ఉన్నాయి. వాటిలోని సూక్ష్మజీవుల శిలాజాలను చూసి ఆ మహా వినాశనానికి ముందేది, తర్వాతేది అని శాస్త్రవేత్తలు వేరుచేశారు. డైనోసార్లను చంపింది ఆకాశపు రాయా, నేలలోని నిప్పా, రెండిటిలో దేని పాలు ఎంత అన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది.

చంద్రుడి మీద లెక్కలేనన్ని గుంటలున్నాయి. భూమి మీద రుజువైనవి సుమారు 200. భూమిని రాళ్లు వదిలేశాయని కాదు. మూడు వంతుల్లో రెండు వంతుల పైన సముద్రం. మిగిలిన నేలను వాన కడుగుతుంది, నది పూడుస్తుంది, కొండలు లేచి మింగేస్తాయి. దక్షిణాఫ్రికాలోని వ్రెడఫోర్ట్ 200 కోట్ల ఏళ్ల నాటిది, తొలినాళ్లలో 250 కిలోమీటర్ల పైమాటే. ఇప్పుడు పైనుంచి చూస్తే సగం ఉంగరమే కనిపిస్తుంది. మిగతా సగం తర్వాతి కాలపు మట్టి కింద ఉంది.

మీ ఫోనులో

ఇప్పుడు ఉపగ్రహ బొమ్మ చూడటానికి బాలానగర్ పోవాల్సిన పని లేదు. 2008లో ఇటలీకి చెందిన విన్సెంజో డి మికేలే గూగుల్ ఎర్త్ చూస్తూ ఈజిప్టు ఎడారిలో చిన్న గుంట పట్టుకున్నాడు. వెడల్పు 45 మీటర్లు. మా నాయిన తవ్విన పెద్ద బావులు నాలుగు పక్కపక్కన పెడితే అంత. 2010లో బృందం వెళ్లి చూస్తే చుట్టూ ఇనుప ఉల్కల ముక్కలు. దాని పేరు కమిల్.

మీరూ లోనార్‌ను చూడొచ్చు. పేరు కొడితే చాలు. ముందు గుండ్రతనాన్ని నమ్మకండి. మా మనవడు ఒక సాయంత్రం సౌదీ ఎడారిలో వందలకొద్దీ “ఉల్కా బిలాలు” కనిపెట్టి పరుగెత్తుకొచ్చాడు. అవి గుండ్రంగా తిరిగే పైపులతో నీళ్లు పారించే గోధుమ పొలాలు. “అమ్మమ్మా, మరి ఎట్ల తెలుస్తది?” అని అడిగాడు. మూడు చూడమన్నాను. గట్టు చుట్టూరా ఎత్తుగా ఉందా? గట్టు మీది వాగులు లోపలికీ, బయటికీ రెండు వైపులా పారుతున్నాయా? చుట్టుపక్కల అలాంటి గుంట ఇంకోటి లేకుండా ఇదొక్కటే ఉందా? మూడింటికీ అవునంటే అనుమానపడొచ్చు. ఆ పైన సుత్తి పట్టుకుని పోవాలి.

2020 జూన్‌లో లోనార్ నీళ్లు గులాబీ రంగుకు తిరిగినప్పుడు నా ఫోను మోగుతూనే ఉంది. మే 25న ఆకుపచ్చగా, జూన్ 10న గులాబీగా ఉన్న రెండు ల్యాండ్‌శాట్ బొమ్మలను నాసా పక్కపక్కన పెట్టింది. ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పుకున్నారు. పుణెలోని ఆఘార్కర్ పరిశోధన సంస్థవాళ్లు నీళ్లు తెప్పించి చూస్తే, ఎండకు ఉప్పు పెరగడంతో ఆ ఉప్పులో బతికే హాలోఆర్కియా అనే సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి రంగు తెచ్చాయని తేలింది. అదే ఏడాది నవంబరులో లోనార్‌కు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చోటు దొరికింది. పైనుంచి రంగు కనబడింది, కారణం మాత్రం సీసాలో నీళ్లు పట్టుకున్నాకే తెలిసింది.

నాయిన ఇప్పుడు లేడు. మా ముందుగదిలో గోడకు ఆ 1989 నాటి బొమ్మే ఫ్రేము కట్టించి పెట్టాను. ఉద్యోగం చివరి రోజు తోటివాళ్లు అచ్చువేసి ఇచ్చారు. ఉత్తరం గుర్తు బాణం అందులో కిందికి చూస్తుంటుంది. ఇంటికొచ్చినవాళ్లు పటం తలకిందులుగా ఉందని సరిచేయబోతారు. వద్దంటాను. సరిచేస్తే మళ్లీ గుట్ట అవుతుంది.